కరువుకు కర్త ఎవరు? వినుకొండ మెట్టసీమలో శీతోష్ణస్థితి, మానవ బాధ్యత: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
భూతాపం మానవకృతమన్నది నేడు శాస్త్రలోకం నిర్ద్వంద్వంగా అంగీకరించిన విషయం. అయితే ఆ ‘మానవుడు’ ఎవరన్న ప్రశ్నకు ప్రాంతీయ చరిత్ర ఆధారంగా సమాధానం వెతికిన ప్రయత్నాలు తెలుగులో తక్కువ. గుంటూరు, ప్రకాశం సీమల నడుమ ఉన్న వినుకొండ మెట్టప్రాంతాన్ని కేంద్రంగా తీసుకుని, 1832-33 నాటి నందన కరువు, 1882 మద్రాసు అటవీ చట్టం, 1921 పల్నాటి పుల్లరి ఉద్యమం, నాగార్జునసాగర్ అనంతర పత్తి సేద్యం అనే ఘట్టాలలో ప్రకృతి విపత్తుకు బాధ్యతను ఎవరు ఎవరిపై మోపారో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వినుకొండ, పల్నాడు, నందన కరువు, పుల్లరి, శీతోష్ణస్థితి మార్పు, పత్తి సేద్యం, కౌలు రైతు.

1. ఉపోద్ఘాతం

వాతావరణ మార్పుల అధ్యయనానికి ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) 2021 ఆగస్టులో తన ఆరవ అంచనా నివేదిక తొలి భాగాన్ని వెలువరించింది. గాలిని, సముద్రాన్ని, నేలను వేడెక్కించినది మానవ ప్రభావమేనన్న విషయంలో సందేహానికి తావులేదని అందులో ప్రకటించింది. 1850-1900 నాటి సగటుతో పోలిస్తే 2011-2020 దశాబ్దంలో భూతల ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ అధికం. భారత భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో ప్రచురించిన అంచనా ప్రకారం 1901-2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. 1951-2015 మధ్య నైరుతి ఋతుపవన వర్షపాతం సుమారు 6 శాతం తగ్గింది. ఈ తగ్గుదల గంగా మైదానంలోను, పడమటి కనుమలలోను ప్రస్ఫుటం కనుక ఆ సంఖ్యను వినుకొండకు యథాతథంగా అన్వయించడం సరికాదు. ఉష్ణోగ్రత పెరుగుదల మాత్రం ఏ తాలూకానూ మినహాయించలేదు.

శాస్త్రం ‘మానవ ప్రభావం’ అన్నప్పుడు సూర్యుడి మార్పులు, అగ్నిపర్వతాలు మొదలైన సహజ కారణాలకు భిన్నమైనదని మాత్రమే దాని అర్థం. ఆ పదం చరిత్ర రచనలోకి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. దీపేశ్ చక్రవర్తి 2009లో ప్రకటించిన నాలుగు ప్రతిపాదనల వ్యాసంలో, మానవజాతి మొత్తం ఒక భౌగోళిక శక్తిగా మారిందని, చరిత్రకారులు ఇకపై ‘జాతి’ అన్న భావనను ఎదుర్కోక తప్పదని వాదించాడు. అంతకు పద్దెనిమిదేళ్ళ ముందే, 1991లో, అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఇందుకు భిన్నమైన ప్రశ్న వేశారు. వరిమడిలో పుట్టే మీథేన్‌ను, విలాసవాహనం వదిలే పొగను ఒకే పద్దులో వేయవచ్చునా? మొదటిది బ్రతుకుతెరువు ఉద్గారం, రెండవది భోగపు ఉద్గారం అని వారు విడదీశారు. ఈ రెండు దృక్పథాలలో ఏది నిలుస్తుందో తేల్చడానికి ప్రపంచపటం కంటే ఒక చిన్న సీమ చరిత్ర ఎక్కువ ఉపకరిస్తుంది.

వినుకొండ అందుకు తగిన సీమ. పడమట నల్లమల, తూర్పున కృష్ణా డెల్టా, మధ్యలో రాతి గుట్టలు, నల్లరేగడి, ఎర్రచెలకలు. నల్లమలలో పుట్టి కంభం చెరువును నింపి ఈ సీమ మీదుగా సముద్రానికి సాగే గుండ్లకమ్మ ఇక్కడి ప్రధాన ఏరు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిపై దండెత్తినప్పుడు పట్టుకున్న దుర్గాలలో వినుకొండ ఒకటి. 2022 ఏప్రిల్‌లో గుంటూరు జిల్లా నుంచి విడివడిన పల్నాడు జిల్లాలో ఈ పట్టణం చేరింది. ఈ ప్రాంతపు పొడితనం కొత్తది కాదు. పల్నాటి రాళ్ళను, నీటి కొరతను, జొన్నకూటిని ఎగతాళి చేస్తూ శ్రీనాథుడి పేర ప్రచారంలో ఉన్న చాటువు ఇందుకు సాక్ష్యం. చాటువుల కర్తృత్వం ఎప్పుడూ సందేహాస్పదమే. కర్త ఎవరైనా, అన్నం తినే సీమకు చెందిన వ్యక్తి జొన్న తినే సీమను చూసిన చూపు అందులో ఉంది. ఆ తేడా తర్వాతి శతాబ్దాలలో రాజకీయార్థిక రూపం దాల్చింది.

2. నందన కరువు: ఆకాశం, అధికారం

1832లో, నందన నామ సంవత్సరంలో, వానలు విఫలమయ్యాయి. 1833 నాటికి గుంటూరు జిల్లా మరుభూమిగా మారింది. జనం దీనిని డొక్కల కరువు అన్నారు. ఐదు లక్షల జనాభాలో సుమారు రెండు లక్షల మంది మరణించారన్న అంచనా పందొమ్మిదవ శతాబ్ది నుంచి నేటివరకు చరిత్ర గ్రంథాలలో ఉటంకింపబడుతోంది. జాడ తెలియక వలసపోయినవారిని కూడా మృతులలో కలిపి ఉండవచ్చు. ఆ మేరకు సంఖ్యను సవరించుకున్నా విపత్తు పరిమాణం చిన్నదవదు.

ఆ వానలు తప్పడంలో మానవుడి పాత్ర ఎంత? ఆధునిక శాస్త్రం ప్రకారం దాదాపు శూన్యం. 1830ల నాటికి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పారిశ్రామిక విప్లవానికి పూర్వమున్న స్థాయిని, అంటే పది లక్షల వంతులకు సుమారు 280 వంతులను, పెద్దగా దాటలేదు. నేడది 420 పైచిలుకు. కాబట్టి నందన సంవత్సరపు అనావృష్టి ఋతుపవనాల సహజ చాంచల్యంలో భాగం. కాని వాన తప్పడం ఒకటి, జనం చావడం మరొకటి. 1802 శాశ్వత పరిష్కారం తరువాత గుంటూరు జమీందారీలు శిస్తు బకాయిలతో, వారసత్వ తగాదాలతో చితికిపోయి ఉన్నాయి. రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన గుంటూరు జిల్లా చరిత్ర (1788-1848) ఒక విషయాన్ని విశదంగా నిరూపించింది. కలెక్టరు కచేరీకి, గ్రామానికి మధ్యనున్న స్థానిక ఉద్యోగవర్గం ఎవరి అదుపులోను లేదు. గ్రామంలో పండినదెంతో, వసూలైనదెంతో మద్రాసుకు తెలిసే మార్గమే లేదు. ధాన్య వ్యాపారంలో ప్రభుత్వం చేయి పెట్టరాదన్న నాటి సిద్ధాంతం దీనికి తోడైంది. 1840ల మధ్యలో వాల్టర్ ఇలియట్ విచారణ జరిపేనాటికి గుంటూరు జమీందారీ వ్యవస్థ కూలిపోయింది.

కంపెనీ ప్రభుత్వం ఈ విపత్తు నుంచి నేర్చిన పాఠం ఆనకట్ట. ఆర్థర్ కాటన్ నేతృత్వంలో ధవళేశ్వరం ఆనకట్ట 1847-52 మధ్య, బెజవాడ ఆనకట్ట 1852-55 మధ్య నిర్మితమయ్యాయి. ఈ నిర్మాణాలను తెలుగు సమాజం కృతజ్ఞతతో స్మరించడంలో ఔచిత్యం ఉంది. అయితే బెజవాడ ఆనకట్ట నీటిమట్టం కంటే వినుకొండ, పల్నాడు, నరసరావుపేట మెట్టలు ఎత్తున ఉన్నాయి. నీరు పల్లానికి పారింది. ఒకే కరువులో ఎండిన జిల్లాలో తూర్పు భాగం వరిసీమ అయింది, పడమటి భాగం మరో నూట పన్నెండేళ్ళు వాన కోసం ఎదురుచూసింది. శీతోష్ణస్థితి ప్రభావం ఒకే జిల్లాలో రెండు రకాలుగా పనిచేయడానికి ఇది మొదటి మెట్టు. నేటి పరిభాషలో ‘దుర్బలత్వం’ అని వ్యవహరిస్తున్నది వినుకొండకు ఇలా ఇంజినీరింగు మట్టాల ద్వారా సంక్రమించింది.

3. అడవి, వాన, పుల్లరి

మానవుడు వాతావరణాన్ని చెడగొడుతున్నాడన్న వాదం ఇరవయ్యో శతాబ్ది చివర పుట్టిందని సాధారణ భావన. తెలుగునేలకు ఆ వాదంతో అంతకంటే పాత సంబంధం ఉంది. 1780లలో సామర్లకోటలో కంపెనీ వైద్యుడిగా ఉన్న విలియం రాక్స్‌బర్గ్ వాయుపీడనాన్ని, ఉష్ణోగ్రతను, వానను క్రమం తప్పక నమోదు చేశాడు. ఉత్తర సర్కారులను 1789-92 మధ్య పీడించిన కరువును అతడు కళ్ళారా చూశాడు. ఆ కరువును రిచర్డ్ గ్రోవ్ ప్రపంచవ్యాప్తమైన ఎల్ నినో ఘటనతో ముడిపెట్టాడు. చెట్లు నరకడం వల్లనే నేల ఎండి వానలు తగ్గుతున్నాయన్న శుష్కీకరణ సిద్ధాంతం ఆ కాలం నుంచి కంపెనీ వైద్యులలో, వృక్షశాస్త్రజ్ఞులలో బలపడింది. మద్రాసులో వైద్యుడైన ఎడ్వర్డ్ బాల్ఫర్ చెట్లకు, వానకు గల సంబంధంపై 1849లో వ్యాసం ప్రచురించాడు. 1856లో హ్యూ క్లెగ్‌హార్న్ మద్రాసు రాజధానికి అటవీ సంరక్షకుడుగా నియమితుడయ్యాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది.

ఈ పరిణామాన్ని గ్రోవ్ పర్యావరణ స్పృహకు తొలి రూపంగా చదివాడు. రామచంద్ర గుహ వంటివారు అటవీ శాఖ పుట్టుకలో రైలు స్లీపర్ల అవసరాన్ని, ఖజానా లెక్కను చూశారు. ఈ వివాదంలో ఒక పక్షం ఎంచుకోవలసిన అగత్యం లేదు. ఆందోళన నిజమైనదే, అవసరమూ నిజమైనదే. పరిశీలించవలసినది, ఆ రెండూ కలిసి దోషిగా ఎవరిని నిలబెట్టాయన్న విషయం. రైలుమార్గాలు అడవులపై మోపిన భారాన్ని క్లెగ్‌హార్న్ తన 1861 గ్రంథంలో చర్చించాడు. అయినప్పటికీ చట్టం రైలును కట్టడి చేయలేదు. గుంతకల్లు నుంచి నంద్యాల, కంభం, వినుకొండ, నరసరావుపేటల మీదుగా బెజవాడకు మీటర్‌గేజి మార్గం వేసింది ఆ చట్టం వచ్చిన తరువాతి కాలంలోనే. కట్టడి చేయబడినవారు గొర్రెలకాపరులు, కట్టెలమోపుల వారు, నాగలికి కర్ర కోసం అడవికి పోయే రైతులు.

వినుకొండ సీమకు ఇది చిన్న విషయం కాదు. ఒంగోలు జాతి పశువులకు స్వస్థలమైన తాలూకాలలో వినుకొండ ఒకటి. ఎండాకాలంలో ఊరి బీళ్ళు ఎండిపోయినప్పుడు మందలను అడవికి తోలుకుపోవడం ఇక్కడి పశుపోషణకు ఊపిరి. వాన తప్పిన ఏడు పంట పోయినా పశువు బ్రతికితే సంసారం నిలుస్తుంది. అంటే అడవి ఈ సీమకు కరువు బీమా. అడవిని రిజర్వు చేసి, పశువుకు ఇంత అని పుల్లరి విధించడంతో ఆ బీమా రద్దయింది. వాతావరణాన్ని రక్షించే పేరున తెచ్చిన చట్టం వాతావరణపు దెబ్బకు రైతును మరింత ఎదురుగా నిలబెట్టింది. వలసపాలన చరిత్రలో ఇంతకంటే పెద్ద వైపరీత్యాలు ఉన్నాయి కాని, ఇంత నిశ్శబ్దంగా జరిగినవి తక్కువ.

ఆ నిశ్శబ్దం 1921లో తొలగింది. సహాయనిరాకరణోద్యమ కాలంలో మాచర్ల, వెల్దుర్తి ప్రాంతపు రైతులు పుల్లరి కట్టబోమన్నారు. పోలీసులు పశువులను బందెలదొడ్లకు తోలారు. పరిస్థితులు పరిశీలించడానికి వెళ్ళిన ఉన్నవ లక్ష్మీనారాయణ అరెస్టయ్యాడు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులలో మరణించాడు. జాతీయోద్యమ చరిత్రలో ఈ ఘట్టానికి సముచిత స్థానం లభించింది. అయితే దీనిని పన్నుల నిరాకరణగా మాత్రమే చదివితే ఒక పార్శ్వం మరుగున పడుతుంది. అడవి ఎండిపోవడానికి కారకులు మీరేనన్న అభియోగాన్ని నలభై ఏళ్ళపాటు మోసిన జనం ఆ అభియోగానికి జరిమానా కట్టడం నిరాకరించిన ఘట్టంగానూ దీనిని చదవవచ్చు.

ఇక్కడ శాస్త్రానికి న్యాయం చేయాలి. శుష్కీకరణ సిద్ధాంతం పూర్తిగా తప్పు కాదు. చెట్లు పోతే నేలలో తేమ నిలవదు, వాగులు త్వరగా ఎండుతాయి, ఎండతీవ్రత పెరుగుతుంది. విశాలమైన అడవులు గాలిలోకి వదిలే తేమ వానగా తిరిగి రావడం కూడా రుజువైన విషయమే. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ 1887లో అడవులకు, వర్షపాతానికి గల సంబంధాన్ని గణాంకాలతో పరీక్షించే ప్రయత్నం చేశాడు. కాని వినుకొండకు వానను తెచ్చేవి సముద్రం మీదుగా వచ్చే ఋతుపవనాలు, బంగాళాఖాతపు వాయుగుండాలు. వాటి రాకపోకలను బొల్లాపల్లి గుట్టల మీద మేకలు కాసేవాడు నిర్ణయించలేడు. 1876-78 మహాకరువు వెనుక పసిఫిక్ మహాసముద్రపు ఎల్ నినో ఉందని నేడు తెలుసు. నాడు తెలియదు. తెలియని చోట దోషం సమీపంలో ఉన్న బలహీనుడిపై వాలింది.

4. కాలువ, పత్తి, బోరు

నందికొండ వద్ద నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలింది. కుడికాలువ గుంటూరు, ప్రకాశం మెట్టలలో పదకొండు లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టును లక్ష్యంగా పెట్టుకుంది. వినుకొండ సీమలో కొంత భాగానికి నీరందింది, మిట్టలు మిట్టలుగానే మిగిలాయి. డెల్టా నుంచి చౌకభూముల కోసం వలస వచ్చిన రైతులు పెట్టుబడిని, వాణిజ్యసేద్యపు మెలకువలను వెంటతెచ్చారు. జొన్న, సజ్జ, వరిగ, కొర్ర, ఆముదం, కంది కలిపి వేసే పొలాలు క్రమంగా పత్తికి, మిరపకు మారాయి.

పత్తి ఇక్కడికి కొత్తగా రాలేదు. గుంటూరు మెట్టలలో పండిన దేశవాళీ పత్తి కాకినాడ రేవు మీదుగా ఎగుమతై ఆ ఊరి పేరుతోనే విపణిలో చలామణి అయింది. ఆ పత్తి పొట్టిపింజ రకం. వానాధారంగా, తోడు పంటలతో, తక్కువ ఖర్చుతో పండేది. 1970లో గుజరాత్‌లో విడుదలైన హెచ్-4తో మొదలైన సంకర రకాల శకం ఈ లెక్కను తలకిందులు చేసింది. దిగుబడితో పాటు విత్తనం ఖర్చు, ఎరువు ఖర్చు, పురుగుమందు ఖర్చు పెరిగాయి. 1987-88లో తెల్లదోమ విజృంభించి ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతులను కూల్చింది, ఆత్మహత్యలు వార్తలకెక్కాయి. పదేళ్ళకు వరంగల్ దానిని మించిపోయింది. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించింది. 2021-22లో నల్ల తామరపురుగు మిరపను దెబ్బతీసింది. ఈ పురుగుల విజృంభణలన్నింటికీ భూతాపాన్నే కారణంగా చూపడం తొందరపాటు. తెల్లదోమ విషయంలో విచక్షణ లేని మందుల పిచికారీయే మిత్రకీటకాలను చంపి దోమను పెంచిందన్నది వ్యవసాయ శాస్త్రజ్ఞులు నొక్కిచెప్పిన విషయం. నిజమైన కారణాన్ని కప్పిపుచ్చడానికి వాతావరణ మార్పును తెరగా వాడుకునే ధోరణి ఇటీవల పెరిగింది. కాలువ చివరి భూములకు నీరు రాకపోయినా, నకిలీ విత్తనం మొలవకపోయినా నెపం ఆకాశం మీదకు పోతుంది.

మరో వైపు, ఈ సేద్యం ఉద్గారాలకు అతీతమూ కాదు. యూరియా తయారీకి సహజవాయువు కావాలి. పొలంలో వేసిన నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. నూరేళ్ళ కాలప్రమాణంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 273 రెట్లు శక్తిమంతమైన తాపకారి. కాలువ చేరని మిట్టలకు బోరు దిక్కయింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించిన తరువాత మోటారు తిప్పడానికి ఖర్చు లేకుండా పోయింది. ఆ విద్యుత్తులో అధికభాగం బొగ్గు నుంచి వచ్చేదే. ఇలా చూస్తే వినుకొండ రైతు కూడా ‘మానవ ప్రభావం’లో భాగస్వామి. ఆ వాస్తవాన్ని సానుభూతితో దాచవలసిన అవసరం లేదు. కాని ఏ విత్తనం, ఏ ఎరువు, ఏ ధర, ఏ విద్యుత్తు అన్న నిర్ణయాలు అతడి గట్టు మీద జరిగినవి కావు. 2002లోనే ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) బోర్ల తవ్వకాన్ని నియంత్రించజూసింది. సుమారు రెండేళ్ళకు వచ్చిన ఉచిత విద్యుత్తు విధానం ఆ చట్టం స్ఫూర్తికి ఎదురునడిచింది. ఒక చేత్తో బోరుకు కళ్ళెం, మరో చేత్తో కొరడా.

5. సున్నపురాయి

పల్నాటి బాధ్యత చర్చలో పత్తిచేనుకంటే తక్కువగా ప్రస్తావనకు వచ్చేది నేలకింది రాయి. చాటువు ఎగతాళి చేసిన ఆ రాళ్ళలో అధికభాగం సున్నపురాయి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు, మాచర్ల, దాచేపల్లి ప్రాంతాలు సిమెంటు కర్మాగారాలకు పేరుపొందాయి. శుద్ధమైన సున్నపురాయిని వంద కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. కాల్చడానికి వాడిన బొగ్గు పొగ దీనికి అదనం. బొగ్గును వదిలి సౌరశక్తితో కాల్చినా ఆ 44 కిలోలు తప్పవు. అవి రాయిలోనే ఉన్నాయి. కోట్ల సంవత్సరాలు నేలలో బందీగా ఉన్న కర్బనాన్ని హైదరాబాదు మేడల కోసం, దేశమంతటి రహదారుల కోసం విడుదల చేస్తున్న సీమ ఇది. ఆ ఉద్గారం లెక్కలో పల్నాడు పద్దున పడుతుంది, మేడ మాత్రం మరొకచోట లేస్తుంది. ఇదే గణితం ప్రపంచస్థాయిలో మరింత విశాలంగా కనిపిస్తుంది. పారిశ్రామిక విప్లవం నుంచి శిలాజ ఇంధనాల వల్ల వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగోవంతు అమెరికాది. ప్రపంచ జనాభాలో ఆరోవంతుకు పైగా ఉన్న భారతదేశపు వాటా నాలుగు శాతం లోపే. 1992 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ‘ఉమ్మడివే అయినా భిన్నమైన బాధ్యతలు’ అన్న సూత్రాన్ని అంగీకరించింది ఈ కారణంగానే. ఆ సూత్రాన్ని దేశాల మధ్య గట్టిగా వాదించే ప్రభుత్వాలు దేశం లోపల, జిల్లా లోపల దానిని వర్తింపజేయడంలో అంత ఉత్సాహం చూపడం లేదు.

6. నష్టపు పద్దు

వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱం జాషువా తనను విశ్వనరుడిగా ప్రకటించుకున్నాడు. ఆ ప్రకటనకు బలం, నరులలో తనను చేర్చని సమాజాన్ని ఎదిరించి చెప్పడంలో ఉంది. వాతావరణ చర్చలోని ‘మానవుడు’ ఇందుకు విరుద్ధమైన పని చేస్తున్నాడు. నిందలో అందరినీ సమానంగా చేర్చుకుంటాడు, రక్షణ దగ్గరకు వచ్చేసరికి విడగొడతాడు. చక్రవర్తి ప్రతిపాదించిన ‘జాతి’ భావన భవిష్యత్తును ఊహించడానికి అవసరం కావచ్చు. గతానికి లెక్క కట్టడానికి వినుకొండ సాక్ష్యం అగర్వాల్, నారాయణ్‌ల వైపే మొగ్గుతుంది.

2015 మే నెలలో తెలుగు రాష్ట్రాలను కుదిపిన వడగాడ్పులకు దేశంలో రెండువేల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారు. పల్నాడులోని రెంటచింతల రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలకు దశాబ్దాలుగా పేరుపొందిన ఊరు. అక్కడ ఎండ అందరిమీదా ఒకేలా కాస్తుంది, మిట్టమధ్యాహ్నం దానికింద నిలబడవలసినవారు మాత్రం ఉపాధి పనికి, మిరప కోతకు, రాతి క్వారీకి పోయే కూలీలు. పంట నష్టం విషయంలోనూ ఇదే వరస. మెట్టప్రాంతపు పత్తి, మిరప సాగులో కౌలుదారుల పాత్ర పెద్దది. వారిని గుర్తించడానికి 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. రెండవ చట్టం కింద కార్డు పొందాలంటే భూయజమాని సంతకం తప్పనిసరి. సంతకం పెడితే భూమిపై హక్కు పోతుందేమోనన్న భయంతో పెట్టని యజమానులు అనేకులు. సంతకం లేనిదే కార్డు లేదు, కార్డు లేనిదే పంట రుణానికీ నష్టపరిహారానికీ దారి కష్టం. అకాలవర్షానికి కల్లంలో మిరప తడిసిన ఏడు, ఆ పంట వేసినవాడి పేరు ఏ రికార్డులోను ఉండదు. 1921లో పుల్లరి కట్టనందుకు బందెలదొడ్డికి పోయిన పశువుకైనా కచేరీ పుస్తకంలో ఒక పద్దు ఉండేది.